అరచేతి ఎత్తు

దెర్బెంత్ దాటాక
ద్రాక్షతోటలు ఇసుకలోకి జారిపోయే చోట
నా కాపలా.
ఉప్పుగాలి నుంచీ, తాగొచ్చి పేర్లు చెక్కే కుర్రాళ్ల నుంచీ
దీన్ని కాయాలి.
ఉప్పుగాలిని ఆపడం నా వల్ల కాదని
జీతమిచ్చేవాళ్లకీ తెలుసు.

ఓడ అన్నారట విమానాలవాళ్లు.
విమానమన్నారట ఓడలవాళ్లు.
రెంటికీ చెడ్డ రేవడి అయి
ముప్పై ఏళ్లు రేవులోనే పడుంది.
తమ్ముడొకడు వోల్గా ఒడ్డున
సగం ఒంటితో ఆగిపోయాడని విన్నాను.

మెడ దగ్గర అటు నాలుగు ఇటు నాలుగు ఇంజన్లు.
వీపు మీద క్షిపణి గొట్టాలు మూడు జతలు,
ఒంటెకి మూడో మూపురం మొలిచినట్టు.
తోకేమో మేడ ఎక్కి అక్కడ రెక్కలు ఆరేసుకుంది.
ఇంత ఒళ్లు పెట్టుకుని
ఎంతెత్తు ఎగిరేదనుకున్నారు?
మా ఇంటి చూరంత.
రెక్కకీ నీళ్లకీ మధ్య నలిగే గాలే దీని పరుపు.
ఇంకాస్త పైకి పోదామని ఆశపడితే
పరుపు జారిపోతుంది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు.
నాన్న ముర్సల్ వల లాగుతున్నాడు.
చప్పుడు ముందు పడవ అడుగు చెక్కల్లో వినబడింది,
తర్వాత నా పళ్లలో.
ఉత్తరాన తెల్లటి తుంపర గోడ,
దాని ముందు ఇది.
ముక్కు ఎత్తలేదు, దించలేదు.
సముద్రాన్ని ఇస్త్రీ చేసుకుంటూ పోయింది.
వలలో చేపలు కూడా కదలడం మానేశాయి.

సాయంత్రం ఇద్దరు ఆఫీసర్లొచ్చారు.
"ఏమీ చూడలేదు" అని రాసి ఉన్న కాగితం మీద
నాన్న సంతకం పెట్టాడు,
నా తరఫున కూడా.

మాట అంటే మాటే మా ఇంట్లో.
ఆయన పోయేదాకా దాని ఊసెత్తలేదు.
కానీ టీ తాగాక ఒక్కోసారి
అరచెయ్యి బల్లగుడ్డ మీదికి తెచ్చేవాడు,
తగలకుండా, వేలెడు ఎత్తులో,
రొట్టెముక్కలు దాటించి, చక్కెర గిన్నె చుట్టూ తిప్పి
అమ్మ గ్లాసు దాకా జరిపేవాడు.
అమ్మ గ్లాసు పక్కకి తీసేది,
దారి ఇస్తున్నట్టు.
మాట తప్పినట్టు కాదు కదా అది.

చూడలేదని రాయించుకున్నదాన్నే
ఇప్పుడు టికెట్టు కొని చూస్తున్నారు.
నవ్వాలో ఏం చెయ్యాలో తెలీక
టికెట్లు చింపుతుంటాను.

మొన్న బ్ర్నో నుంచి ఒకాయన వచ్చాడు, వ్రాతిస్లావ్.
సంచి నిండా బొమ్మలు:
ఒక పక్కకే గాజుగది పెట్టుకున్న విమానం,
పళ్లెంలా గుండ్రటిది ఒకటి,
ఇటలీ సరస్సులో తొమ్మిది రెక్కలతో దిగబడ్డ పడవ.
దీని పొట్ట కింద నిలబడి
గుర్రాన్ని తట్టినట్టు తట్టాడు.
"వీటిల్లో ఏముందయ్యా" అన్నాను.
చాలాసేపు ఆలోచించాడు.
"ఏదో ఒక పొద్దున
ఎవరో ఒకరికి
ఇదే సరైన ఆకారం అని తోచింది కదా" అన్నాడు.
ఆ తర్వాత ఫోటో తియ్యడం మర్చిపోయి వెళ్లాడు.

నాకంత ఆలోచన లేదు.
ఊరి మీంచి రోజూ పోయే విమానాలు సన్నగా, ముద్దుగానే ఉంటాయి.
ఒకదాన్ని చూస్తే అన్నీ చూసినట్టే.
ఇది మాత్రం ఎన్నిసార్లు చూసినా
ఇంకా పూర్తిగా నమ్మబుద్ధి కాదు.
అందుకే పొద్దున్నే లేచి మళ్లీ చూస్తాను.

నిన్న బడిపిల్లలు.
వాళ్లలో ఒకమ్మాయి, సెకినాత్ అట,
"ఆకాశం అంతుంటే ఇది కిందే ఎందుకెగిరింది?" అంది.
చెప్పబోయాను. పరుపు, గాలి, ఒత్తిడి...
మాటలు ఎటో పోయాయి.
మోకాళ్ల మీద కూచుని
అరచెయ్యి ఇసుక మీదికి తెచ్చాను,
తగలకుండా, వేలెడు ఎత్తులో.

అమ్మాయి తన నీళ్లసీసా పక్కకి తీసింది.