ఇరవై నాలుగు గళ్ళు

జూలై ఆఖరు. దెనిజ్లిలో తారురోడ్డు చెప్పులకు అంటుకుంటోంది.
వంటగది బల్ల మీద అరువు తెచ్చిన లాప్‌టాప్,
అందులో ఇరవై నాలుగు ఖాళీ గళ్ళు.
మా ఇంట్లో గళ్ళంటే ఇన్నాళ్ళూ తువ్వాళ్ళ మీదవే.
ఇవి మా చెల్లెలు గుల్‌పెరివి.

ఒక్కో గడిలో ఒక ఊరు, ఒక విశ్వవిద్యాలయం, ఒక చదువు.
పైన రాసింది దక్కితే కిందివన్నీ రద్దు.
"ఆశల్ని కూడా వరసలో నిలబెట్టాలన్నమాట" అంది అమ్మ,
ఎండబెట్టడానికి బెండకాయలు దారానికి గుచ్చుతూ.

నాన్న నలభై మరమగ్గాల షెడ్డులో మేస్త్రీ.
ఆయన ఓటు ఊళ్ళోనే అకౌంటింగుకు.
"కంపెనీలు మునుగుతాయి, లెక్కలు రాసేవాడు తేలతాడు.
మునిగిన లెక్క కూడా ఎవడో ఒకడు రాయాలి కదా."
ఇందులో అబద్ధం లేదు. మా యజమాని రెండుసార్లు మునిగాడు,
గుమాస్తా నెజ్మెత్తిన్ రెండుసార్లూ కారు మార్చాడు.

లెక్కల టీచరమ్మ ఇస్తాంబుల్ అంది. అర్థశాస్త్రం.
పేరున్న చోట చదివితే తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయట.
ఆ తలుపుల లోపల అద్దె ఎంతో ఆవిడ చెప్పలేదు.
నిగనిగలాడే కరపత్రం ఒకటి, ప్రైవేటు వాళ్ళది:
బిజినెస్ మేనేజ్‌మెంటు, ఇంగ్లీషులో, సగం స్కాలర్‌షిప్పు.
సగం స్కాలర్‌షిప్పంటే సగం అప్పని
అమ్మ ఒక్క చూపుతో తేల్చేసింది.
మేడ మీది షుక్రాన్ పిన్ని మెట్ల మీంచే అరిచింది,
బిజినెస్ చదివిన తన కొడుకు ఫోను కవర్లు అమ్ముతున్నాడని.
"అదీ బిజినెస్సే పిన్నీ" అంది గుల్‌పెరి.

ఆ తర్వాత లోపలికెళ్ళి ఒక తువ్వాలు తెచ్చి బల్ల మీద పరిచింది.
మా షెడ్డుదే, నేను మడత పెట్టిందే కావచ్చు.
అంచున ఏదో ఉత్తరదేశపు కంపెనీ పేరు, బంగారు దారంతో.
"నాన్నా, ఇది మన గేటు దాటేటప్పుడు ఎంత?"
చెప్పాడు.
అక్కడి దుకాణంలో ధర ఫోను తిప్పి చూపించింది.
నాన్న కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.
అంకె మారలేదు.
"పడుగు మనది, పేక మనది, రంగు మనది.
ఈ తేడా ఎక్కడికి పోతుందో ఏ చదువులో చెప్తారు?
అదే రాస్తాను."

అది ఏ చదువో మాలో ఎవరికీ తెలీదు.
ఇజ్మీర్‌లో అంతర్జాతీయ వాణిజ్యమా? మార్కెటింగా?
రేవు పక్కన ఉండాలంది, పెట్టెలు ఓడ ఎక్కేచోట.
"ఎక్కడెక్కినా కట్టేది మీ అక్కే" అన్నాడు నాన్న.
పొగిడాడో, ఇంకేదైనా అన్నాడో.

పదకొండేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర
నేను ఒకే ఒక్క గడి నింపాను.
అంకారా. బ్యాంకింగు. మిగతావి పొగరుతో వదిలేశాను.
మూడు మార్కుల్లో పోయింది.
అందుకే ఇవాళ దాని భుజం మీంచి వంగి
అన్నీ నింపు, ఒక్కటీ వదలకు, అంటున్నాను,
ఇష్టంలేనివీ, బీమా, కస్టమ్స్, ఏదైనా సరే.
"అన్నీ నింపితే ఏదో ఒకటి వస్తుంది కదక్కా."
"వస్తుంది."
"అదే భయం."

పదకొండున్నరకు అందర్నీ వంటగదిలోంచి పంపేసింది.
తలుపు కింద వెలుగు. మీటల చప్పుడు,
ఆగడం, చెరపడం, మళ్ళీ.
తర్వాత కుళాయి. టీ గ్లాసులు కడుగుతోంది.
మొదటి గడిలో ఏముందో మేం అడగలేదు.

పొద్దున మా ఊరి పుంజు ఊపిరంతా ఖర్చుపెట్టి కూసింది.
ప్యాకింగులో డజన్లు కడుతూ
ఒక కట్టలో పదమూడు పెట్టానట.
తూకంలో దొరికింది. సూపర్‌వైజరు అరిచింది.
కట్ట విప్పి ఒకటి తీశాను.
తెల్లది. అంచున పేరు కుట్టడం
ఎవరో మరిచిపోయారు.