మాటల కింద

ఇరవై రెండేళ్ళు నొదార్ సినిమాలకి వయోలా వాయించాను.
ఏ థియేటర్లోనూ నన్ను నేను వినలేదు.
హీరో గొంతు సవరించుకుంటే మేం తగ్గాలి,
తలుపు చప్పుడైతే తగ్గాలి,
ఆవిడ ఏడవబోతుంటే మరీ తగ్గాలి.
ఏడ్చాక ఓ నాలుగు సెకన్లు
లేవనిచ్చేవాళ్ళు.
నిండుకుండ కింద చుట్టకుదురులం.

ఈసారి సినిమా లేదన్నాడు.
త్బిలిసీలో, నది ఒడ్డున, ఒకప్పటి కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ.
నవంబరు. హీటరు ఒకటే, అది చెల్లోలకి.
మా వేళ్ళు మాకు.

కాగితాల మీద సీను నంబర్లు లేవు.
"ఇక్కడ ఏం జరుగుతోంది?" అన్నాడు బాసూన్ తెంగిజ్.
"ఏమీ జరగట్లేదు. పొగమంచు."
"ఎవరి మీద?"
దానికి జవాబు రాలేదు.
చేతిలో స్టాప్‌వాచ్ మాత్రం వదల్లేదు మనిషి.
నలభై మూడో సెకను దగ్గర చెయ్యి ఆపేసేవాడు,
ఎవరో ఎక్కడో కత్తిరించినట్టు.
ఆపి, సిగ్గుపడి,
మళ్ళీ మొదటినుంచి.

పాడటానికి ముగ్గురొచ్చారు. కాదు, ఇద్దరే.
ఒకామె లిస్బన్ నుంచి గొంతు మాత్రం పంపింది.
ఎంత శుభ్రమైన గొంతంటే
దాని పక్కన గంటసేపు వాయించాను,
పరాయి ఊరి హోటల్లో
దుప్పటి మడత చెదరకుండా పడుకున్నట్టు.

బెగి స్వానేతి కొండల్లోంచి వచ్చాడు,
బస్సులో పదకొండు గంటలు, ఒళ్ళో జున్ను.
వాళ్ళ తాత పాట. ఆ మాటలకి అర్థం
ఆ ఊళ్ళోనూ ఎవరికీ తెలీదట.
"మెట్టు అరిగినట్టు అరిగిపోయింది," అన్నాడు,
"కాలు పెట్టడానికి బానే ఉంటుంది."

త్సియాలని నేను పోల్చుకోలేదు, మాట్లాడేదాకా.
మాట్లాడగానే నా చిన్నతనం తలతిప్పి చూసింది.
మా టీవీలో ఇటలీవాళ్ళూ బ్రెజిల్‌వాళ్ళూ
అందరూ ఆవిడ గొంతుతోనే ప్రేమించారు,
ఆవిడ గొంతుతోనే చచ్చిపోయారు.
డెబ్భై ఆరేళ్ళు. మైకు ముందు నిలబడి
మేం మొదలెట్టాక కూడా పెదవి విప్పలేదు.
రెండోసారీ అంతే. మూడోసారి
"ఎవరి పెదాలు?" అంది.
"ఎదురుగా కదిలే నోట్లో మాట పెట్టినదాన్ని బాబూ,
ఖాళీలో ఎలా పెట్టను?"

నొదార్ లేచి పాత తెర దింపించాడు.
ప్రొజెక్టర్ వేయించాడు. రీలు లేదు.
తెల్లటి వెలుగు, దాంట్లో దుమ్ము.
ఆవిడ చాలాసేపు ఆ దుమ్మునే చూసింది,
అది ఊపిరి తీసుకుంటుందేమోనని.
తర్వాత
అది ఎటు కదిలితే అటు పాడింది.

నేను వాయించడం మర్చిపోయాను.
పదిహేడో బార్ నుంచి ఇరవై మూడు దాకా
ఆ ఆల్బమ్‌లో నేను లేను. ఎవరూ కనిపెట్టలేదు.
రేకుల మీద వాన మొదలైంది.
ఇంజనీరు చెయ్యెత్తాడు, ఆపుదామని.
నొదార్ స్టాప్‌వాచ్‌ని
కోటు జేబులో వేసుకున్నాడు.

మార్చిలో విడుదలైంది. నాకు రెండు కాపీలిచ్చారు.
ఒకటి ఇంకా విప్పలేదు.

నిన్న సాబుర్తలో నుంచి వస్తుంటే
మార్ష్రుత్కాలో డ్రైవరు అదే పెట్టాడు.
అద్దాల మీద ఆవిరి. నా పక్కన
ఉల్లికాడల సంచితో ఒకామె కునుకుతోంది.
త్సియాల ఎత్తుకుంది. వాన అందుకుంది.
లోపలి వాన ఏదో బయటి వాన ఏదో నాకు తెలీలేదు.
నేను లేని ఆ ఏడు బార్లు వచ్చేవేళకి
అతనికి ఫోనొచ్చింది. గ్యాసు బిల్లు గురించి.
చెయ్యి చాచి మమ్మల్ని తగ్గించాడు.

తగ్గాం. అలవాటే కదా.
"సరే, సరే, కడతాన్లే" అనే మాట కింద
నలభై మందిమి,
అర్థం అరిగిన ఒక పాట,
తెల్లటి తెర ముందు ముసలావిడ.

ఫోను పెట్టేశాడు.
పెంచడం మర్చిపోయాడు.
రెండు స్టాపులు చూశాను.

మూడో స్టాపు దగ్గర
నేను గొంతు సవరించుకున్నాను.