నిప్పులో పోయిన బరువు

ఆటోనగర్‌లో మా ల్యాబ్ కిటికీకి సముద్రం కనపడదు.
ఊచలు తినేస్తున్న తుప్పును బట్టి
అది ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చు.

శాంపిల్ నంబరు పదిహేడు.
ఆనందపురం దాటాక, గెడ్డ వారన చెక్కలో తవ్వింది.
యూరియా సంచిలో వేసి, రెండు ఆటోలు మారి తెచ్చింది అప్పలనర్సమ్మ.
మట్టితో పాటు గరిక వేళ్ళు, ఒక నత్తగుల్ల.
ఏరి పక్కన పెట్టి
ఆరబెట్టి, నూరి, జల్లించి
చిటికెడు మూసలో తూచాను.

తెల్లటి వాష్‌బేసిన్లు పోసే కంపెనీ
ఆ ఎకరం పాతిక లీజుకు అడుగుతోంది, మట్టి నప్పితే.

సిలికా యాభై ఎనిమిది పాయింట్ రెండు.
అల్యూమినా ఇరవై రెండు.
ఏ కొండదో ఫెల్డ్‌స్పార్, ఎన్ని వానలకో
చేవ కరిగి, పట్టుకుంటే జారే మెత్తదనమై
గెడ్డలోకి దిగిన లెక్క ఇది.
పొటాష్ రెండున్నర. బట్టీ కాగగానే ముందు తను కరిగి
తక్కినవాటిని ఒక్కచోట కూర్చోబెడుతుంది,
పెళ్ళిలో అలిగినవాళ్ళ మధ్య తిరిగే మేనత్తలాగా.

వెయ్యి డిగ్రీల దగ్గర గంట.
మూస దించి మళ్ళీ తూస్తే నూటికి ఎనిమిది లేవు.
నీరు, వేళ్ళ నుసి, ఏ పురుగు ఊపిరో.
పోయినదానికి కూడా మా రిజిస్టర్లో ఒక గడి ఉంది.

మిగిలింది ఎర్రగా ఉంది.
ఇనుము ఆరు పాయింట్ ఎనిమిది.
ఒకటి దాటితే వాళ్ళకొద్దు.

పొద్దుటినుంచీ మెట్ల మీదే కూర్చుని ఉంది.
"ఏటమ్మా, నా మట్టికేటి రోగం?"
ఇనుమెక్కువ, అన్నాను.
నవ్వింది, కొంగుతో మూతి మూసుకుని.
"ఎక్కువైతే తప్పేటి తల్లీ?
మా కోడలికి నేదనే గదా ఆసుపత్రిలో మాత్తర్లు రాసినారు.
అయి పారేసి, గోడమూల కూకుని
ఇదే మట్టి తింతంది గుంట. ఐదోనెల."

తినకూడదని చెప్పాను.
మట్టిలో ఇనుము రక్తానికి అందదని,
ఉన్నదాన్ని కూడా పట్టుకుపోతుందని
నా దగ్గరున్న మాటలన్నీ వాడాను.
"నువ్వెప్పుడూ తిన్నేదా?" అంది.

రిపోర్టు మీద స్టాంపు వేశాను. బేసిన్లకు పనికిరాదు.
కింద, ఎవరూ అడగకపోయినా, పెన్సిల్‌తో
కుండలకు, పెంకులకు బాగుంటుంది అని రాశాను.
మద్దిలపాలెం బస్సు వేళకి
సంచి నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

నత్తగుల్ల బల్ల మీద ఉండిపోయింది.
అదంతా సున్నం. నా మొత్తంలో కలవలేదు.