పద్నాలుగో కెమెరా

తాడ్వాయి అడివిల
మద్దిచెట్టుకు మోకాలెత్తున కట్టిన పెట్టె.
ముందట ఏది కదిలినా ఒక్కసారి కన్ను కొడ్తది.
పదిహేను రోజులకోసారి నేను పోయి
దాని కడుపులకెల్లి కార్డు తీసుకొని
బేస్ క్యాంపుకు తెస్త.
జీతం మూడు నెల్లకోసారి. అది వేరే ముచ్చట.

ఈసారి కార్డుల
రెండు కొండగొర్రెలు, ఒక ఎలుగు వీపు,
గాలికి ఊగిన తునికి కొమ్మ ముప్పైతొమ్మిది సార్లు,
ఆ తర్వాత
తెల్లారగట్ల నాలుగు గంటల యాభై రెండుకు
మా అవ్వ.

నెత్తిన గంప. చేతుల చీపురు.
ఆ వెలుగుల ప్రతి జీవం కండ్లు దీపాలోలె మెరుస్తయి,
మా అవ్వ కండ్లు మాత్రం నల్లగనే ఉన్నయి.

ఐదు గంటల ఏడుకు
పెద్దది.
పేరు పెట్టి పిలువం దాన్ని.
గోదారి ఈది అవతలి దిక్కుకెల్లి వచ్చింది,
ఎడమ జబ్బమీద రెండు చారలు కలిసి
చీలిన కొమ్మ తీరుగ.
నాలుగేండ్లు చూసినం దీని తొవ్వ.
రేపు సార్లు మిఠాయి పంచుతరు.

ఇద్దరి నడుమ పదిహేను నిమిషాలు.

ఇప్పపూల కాలం.
చెట్టుకింద ఆకులకు అగ్గి పెడ్తరు మావోళ్లు,
పువ్వు తేటగ కనపడాలని.
పోయినేడు ఆ అగ్గి గుట్టెక్కింది,
కాలిన నెమలిగుడ్ల లెక్క రాసింది నేనే.
అవ్వ అగ్గి పెట్టదు. ఊడుస్తది.
నేను నౌకరిల చేరినంకనే మొదలుపెట్టింది.
నాకోసమా, అడివికోసమా, అడగలే.

రేంజర్ సారు చెడ్డోడు కాదు.
మా చెల్లె కాన్పుకు ములుగు పోయింది ఆయన జీపులనే.
ఆయన చెప్పితేనే
మా మేనమామ పోడుకు అడ్డంగ కందకం తవ్విన,
కూలికి, ఈ చేతులతోనే.
మామ గట్టుమీద కూసోని చుట్ట కాలుస్తూ
"లోతుగ తవ్వు అల్లుడా, కూలన్న మంచిగ రావాలె" అన్నడు.
ఇప్పటికీ ఆ మాట మీద మన్ను పోయలేకపోయిన.

రాత్రి ఇంటికి పోయి అడిగిన.
అవ్వ జావ పోస్తూ చెప్పింది:
"ఎరికే. ముందు కొండముచ్చు అరిసింది,
ఎనుక వాసనొచ్చింది.
పుట్ట సాటుకు కూసున్న.
దాని తొవ్వన అది పోయింది,
నా పువ్వు నేనేరుకున్న.
వాగు దిక్కు పువ్వు ముట్టలే, దానికి ఇడిసిపెట్టిన."
"పులి పువ్వు తింటదా అవ్వా?"
"పువ్వుకు దుప్పొస్తది. దుప్పికి అదొస్తది.
గింత సదువు చెప్పలేదా మీ సార్లు?"

కాగితంల రెండే గడులు.
జంతువు పేరు. మానవ జోక్యం.

అవ్వ బొమ్మ ఉంచితే, జోక్యం.
కేసో, జుర్మానో, గంప గుంజుకునుడో.
తుడిపేస్తే, ఆ తొవ్వల మనిషే నడవనట్టు.
ఎవరూ నడవని తొవ్వకు
గేటు పెట్టుడు ఎంతసేపు?
నా చేతులతోనే అవ్వను
అడివిలకెల్లి లేపేసినట్టు.

బొటనవేలు మీట మీద పెట్టి
కండ్లు మూసుకుంటే
పొద్దుగాల చూసిన నేల యాదికొచ్చింది.
అడుగుల అచ్చు కోసం మేం
తొవ్వపొంటి మన్ను జల్లెడపట్టి పోస్తం, ఊడుస్తం, కాపు కాస్తం.
ఆ ఇప్పచెట్టు కింద
అవ్వ ముందురోజు ఊడ్సిన కాడ
నాలుగు వేళ్లు, మడిమె,
పలుగురాయి మీద చెక్కినట్టు పడ్డయి.
టేపు పెట్టి కొలిచిన. ఫొటో తీసిన.
ఊడ్సింది ఎవరని
కాగితం అడగలే.

స్కేలు దొరకలే.
రెండు గడుల పక్కన
వంకరగ మూడో గడి గీసిన.
లోపల రాసిన:
నాలుగు యాభై రెండు, కుర్సం ఎర్రక్క, చీపురు.
ఐదు ఏడు, పులి.

పైన ఆ గడికి ఏం పేరు పెట్టాల్నో తెల్వలే.
రేపు సారునే అడుగుత.
కోపానికొస్తే రావచ్చు.
చాయి తాగినంక అడుగుత.