నూట నలభై ఏడు

సాయంత్రం ఆరింటికి వాన వెలిసింది.
గుంటూరు, నరసరావుపేట రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
కాటా పక్కన తేజ రకం టిక్కీకి ఆనించి
నా ఫోను నిలబెట్టాను.
నాగూర్ మీరా హాట్‌స్పాట్ ఇచ్చాడు,
"ఒక్క గంటే గుమస్తాగారూ" అని షరతు పెట్టి.

తెరలో ఎక్కడిదో దేశం.
నూట అరవై సైకిళ్ళు
గోతం చిరిగి జారిన మిరపకాయల్లా
రోడ్డంతా పరుచుకుని,
మలుపులో సన్నబడి, మళ్ళీ విచ్చుకుని.

ముఠావాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు
నాలుగు డిగ్రీల గదుల్లోంచి
మంకీ క్యాపులు తీయకుండానే.
"ఇంకా ఎంత దూరం?"
"యాభై మూడు కిలోమీటర్లు.
పొద్దున్నించి నూట ముప్ఫై తొక్కారు.
ఇప్పుడు కొండ."
"మన కోటప్పకొండంతా?"
"కోటప్పకొండ మీద కోటప్పకొండ,
దాని మీద ఇంకొకటి."
అంకమ్మరావు ఈల వేయబోయి తుమ్మాడు.
ఇక్కడ ఆశ్చర్యం కూడా ముక్కులోంచే వస్తుంది.

అప్పుడు చూశాం వాణ్ణి.
వీపు మీద నూట నలభై ఏడు.
పేరు పలకబోయి రెండుసార్లు తడబడి వదిలేశాను.
వాడు వెనక్కి జారి, కారు పక్కకు చేరి
నీళ్ళ సీసాలు చొక్కాలోకి తోసుకుంటున్నాడు.
మెడ వెనక మూడు, నడుం దగ్గర నాలుగు,
పళ్ళ మధ్య ఏదో పొట్లం.
వీపుకి గూని మొలిచింది.
ఆ బరువుతోనే మళ్ళీ ముందుకెళ్ళి
ఒక్కో సీసా ఒక్కొక్కడికి అందించి
చివరిది నాయకుడి చేతిలో పెట్టాడు.

శౌరయ్య ముందుకు వంగాడు.
ముప్ఫై ఏళ్ళు టిక్కీలు మోసి మోసి
మెడే లేకుండా పోయిన మనిషి.
"వీడు గెలవడా?"
"గెలవడు. గెలిపిస్తాడు."
"కూలెంత?"
నాకు తెలియదు.
"మన ముఠా మనిషే" అన్నాడు పక్కవాళ్ళతో,
యార్డులో రేటు ఖాయం చేసినంత గట్టిగా.

కొండ మొదలైంది.
నూట నలభై ఏడు అందరికంటే ముందు నిలబడ్డాడు.
గాలి వాడి ఛాతీకి, నీడ వెనకవాడికి.
నోరు తెరిచి, చొంగ గడ్డం మీద తీగలా మెరుస్తూ
తొక్కు తొక్కుకీ ఒక్కో మనిషిని రాల్చుతూ.
ఇరవైమంది పన్నెండయ్యారు. పన్నెండు ఐదు.
"తొక్కు! తొక్కు నాయనా!"
బాజీ తన తొడ తానే చరుచుకుంటున్నాడు.
బయట లారీ హారన్ కొడుతోంది.
ఎవడూ కదల్లేదు.

ఆరు కిలోమీటర్లుండగా వాడిలో దీపం ఆరింది.
పక్కకు తప్పుకున్నాడు, అంతే.
కెమెరా వాడికోసం ఆగలేదు.
నాయకుడు ఎగిరిపోయాడు.

సరిగ్గా అప్పుడే తెర మీద గుండ్రం తిరగడం మొదలెట్టింది.
తిరిగింది. తిరిగింది.
ఆ కొండ మీద అలుపు లేని చక్రం అదొక్కటే.
నాగూర్ మీరా ఫోనెత్తి పట్టుకుని
టిక్కీల మీద టిక్కీ ఎక్కి
రేకుల కప్పు దాకా సిగ్నల్ వెతికాడు.
తెరకు తెలివొచ్చేసరికి
నాయకుడు రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
"మనవాడేడి?" అన్నాడు శౌరయ్య.

చెప్పాను, గడువుంటుందని.
గెలిచినవాడి వెనక ముప్ఫై నాలుగు నిమిషాల్లో
గీత దాటకపోతే రేపటికి పేరుండదని.
"ఇంత మోసినాకా?"
"ఇంత మోసినాకే."

ముప్ఫై. ముప్ఫై ఒకటి.
తెరలో ఎవరికో పూలగుత్తి ఇస్తున్నారు.
మూలన చిన్న గడిలో మాత్రం ఖాళీ రోడ్డు.
లారీ డ్రైవరు తిట్టడానికి లోపలికొచ్చి
తిట్టకుండా నిలబడిపోయాడు.
ముప్ఫై మూడు.
మలుపులో ఒక గుంపు. తలలు వేలాడేసినవాళ్ళు,
ఒకడి మోకాలు చీరుకుపోయి,
ఒకడు ఏడుస్తూనే తొక్కుతూ.
"నూట నలభై... నూట నలభై..."
ఏడు!

గోడలదిరేలా అరిచాం.
ఓనరు కొడుకు మేడ మీంచి తొంగి చూశాడు,
షట్టర్ కింద ఎవరైనా పడ్డారేమోనని.

వాడు గీత దాటి, ఆగి,
హ్యాండిల్ మీద నుదురు ఆనించి అట్లాగే ఉండిపోయాడు.
శౌరయ్య కొక్కెం తీసుకుని లారీ వైపు నడిచాడు.
మూడొందల పది టిక్కీలు, ఈ రాత్రికి.

రెండో లైను సగంలో ఉండగా
బస్తా కిందనుంచి గొంతొచ్చింది:
"గుమస్తాగారూ, రేపు కూడా కొండేనా?"