కాలర్ కింద

మూడు తాళాలు వేశాను.
రెండు ఇత్తడివి, ఒకటి వేలిముద్ర అడిగేది.
వేసినవాటిని లాగి చూశాను,
లిఫ్టు దాకా వెళ్ళి వెనక్కొచ్చి ఇంకోసారి.
"తలుపు ఊడొస్తుంది, ఇక రండి," అంది హైమ.

పాలు వద్దన్నాం. పేపరు ఆపించాం.
హాల్లో ఒక లైటు వెలగనిచ్చాం, ఎవరో ఉన్నట్టు.
గుమ్మం ముందు పాత చెప్పులు, పెద్ద సైజువి,
మా ఇంట్లో ఎవరి కాళ్ళకీ పట్టనివి.
కారు స్టీరింగుకి ఇనపకడ్డీ, దాని తాళం కారు తాళాల గుత్తిలోనే.
ఎవరైనా ముట్టుకుంటే కాకిగోల చేసే పెట్టె ఒకటి.
పిల్లి దూకినా అరుస్తుందది.
మొదట్లో కాగ్గదాసపుర అంతా కిటికీలు తెరిచింది,
తరవాత తిట్టింది,
తరవాత నిద్రలో అటు తిరిగి పడుకోవడం నేర్చుకుంది.

హోసూరులో పెళ్ళి. ఒక్క రాత్రి.

వాడు బట్టలారేసే బాల్కనీలోంచి వచ్చాడు.
ఆ జాలీకి తాళం లేదు.
గాలి రావాలని నేనే తీసేశాను.

వాడి తెలివి కూడా చెప్పాలి.
పారిపోలేదు.
మా అద్దంలో తల దువ్వుకున్నాడు, దువ్వెన తడిగా ఉంది.
బీరువాలోంచి నా నేరేడు రంగు గీతల చొక్కా తీసి తొడుక్కున్నాడు.
నా ఆఫీసు బ్యాగు నిండా హైమ వెండి,
చేతిలో నా కారు తాళాలు,
పొద్దున్న ఏడున్నరకి, ఊరు హారన్లు మొదలెట్టే వేళ,
ఇంటాయనలా మెట్లు దిగాడు.

తరవాత కెమెరాలో చూశాను.
నడక నాకంటే బాగుంది.
గేటు తీస్తూ వాచ్‌మన్ సుదామ్ సెల్యూట్ కొట్టాడు,
నాకెప్పుడూ కొట్టనంత గట్టిగా.

వీధిలో చెత్త ఆటో పాట పెట్టుకుని అడ్డంగా నిలబడింది.
కారు ఆగింది. అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టి వాడు.
ఎదురుగా మునిలక్ష్మమ్మ ఇస్త్రీ బండి.
ఆమె మొహం చూడలేదు.
పదకొండేళ్ళుగా ఆమె ఎవరి మొహాలూ చూడదు,
మా వీధి ఆమెకు చొక్కాలు, చీరలు, యూనిఫారాలు.

"ఏమప్పా, అది మూడో అంతస్తు సారు చొక్కా గదా?"
"నాదే."
"కాలర్ ఎత్తు."

ఎత్తలేదు.
రాజుకున్న బొగ్గులతో సహా ఇస్త్రీపెట్టె తెచ్చి
బానెట్ మీద పెట్టి
పక్కనే నిలబడిందట, చేతులు కట్టుకుని.
ఆ తరవాత వీధే వచ్చింది.

స్టేషన్లో ఎస్సై కన్నడంలో గసిరాడు:
ఇలాంటివి బజార్లో వంద దొరుకుతాయి,
ఈయనదేనని నీకెలా తెలుసు?

మునిలక్ష్మమ్మ నావైపు చూసింది. తరవాత నేలవైపు.
ఇంతసేపూ లేని భయం అప్పుడొచ్చింది ఆమెకు.
"దీపావళి ముందర సార్. ఫోనొచ్చె.
మా పాప నర్సింగు పాసయిందని.
ఆ సంతోషంలో పెట్టె ఆడనే మరిచిపోయినా.
కాలరు కింద గదా, మడతలో కనబడదులే అనుకున్నా.
చెప్తే సారు దుడ్డు పట్టుకుంటాడని చెప్పలే."

ఎస్సై కాలర్ ఎత్తాడు.
రూపాయి బిళ్ళంత మచ్చ, టీ రంగులో.
పది నెలలు మెడ మీద మోశాను దాన్ని.
మీటింగులకి వెళ్ళాను, ఫోటోలు దిగాను.

దుడ్డు పట్టుకునేవాణ్ణా?
పట్టుకునేవాణ్ణే.

బానెట్ మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో రంగు పొంగి ఉంది.
ఇన్సూరెన్సు కుర్రాడు గీకి చూసి ఫారం తీశాడు.
వద్దులే, ఉండనీ అన్నాను.
సోమవారం నుంచి ఆమె చొక్కాకి రూపాయి పెంచింది.
ఎందుకని ఎవరమూ అడగలేదు.

జాలీకి ఇప్పుడు తాళముంది. నాలుగు.
ఊరెళ్ళేటప్పుడు నాలుగూ లాగి చూస్తాను,
లిఫ్టు దాకా వెళ్ళి వెనక్కొస్తాను, హైమ తిడుతుంది.
కానీ గేటు దాటాక బండి ముందు కాసేపు ఆగుతాను,
ఏ చొక్కా వేసుకున్నానో
ఆమె తలెత్తి చూసేదాకా.