పదకొండు నిమిషాల ఫైలు

ఏం సినిమాలు చూస్తారండీ, అన్నాడు షాపు కుర్రాడు.
సినిమా కాదు బాబూ, చేతులు.
మా సంపూర్ణం పెద్దమ్మ చేతులు,
పదకొండు నిమిషాలు.

కాలేజీ పిల్లెవరో ప్రాజెక్టు పని మీద వచ్చి
వేములదీవిలో మా అరుగు మీద కెమెరా నిలబెట్టి తీసింది.
పెన్‌డ్రైవులో వేసి పంపేసరికి
పెద్దమ్మ లేదు.
నత్తగుల్ల పువ్వు లేసులో ఎక్కడ మెలి తిరుగుతుందో
చెప్పేవాళ్ళు మా పేటలో ఇంకెవరూ లేరు.

ఫోనులో చూస్తే దారం ఆనదు.
బియ్యంలో పలుగురాయి, తెలుపులో తెలుపు.
టీవీకి పెడితే
ఈ ఫైలు నా వల్ల కాదని
నల్లటి తెర మీద ఇంగ్లీషులో రాసి ఊరుకుంది.

నర్సాపురం స్టీమరు రోడ్డులో
అద్దాల బల్ల మీద నాలుగు రకాలు పరిచాడు ప్రభుకిరణ్,
గంపలోంచి చేపలు తీసి పరిచినట్టు.
నేనూ మొప్పలెత్తినట్టే
వెనక కన్నాలు చూశాను.

ఇది వేలెడంత. నెట్ ఉంటేనే దీనికి ప్రాణం.
మా దీవిలో నెట్టుకీ ఆటూ పోటూ ఉంటాయి.
ఇది పాత ప్లేయరు. నాలుగు జీబీ దాటితే మింగలేదు,
మీది నాలుగున్నరండి.
ఇది చిన్న కంప్యూటరు. అన్నీ ఆడుతుంది గాని
లోపల ఫ్యానుంది,
ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండా తుప్పు పడతాది,
వద్దులెండి అని తనే పక్కకి నెట్టాడు.

మిగిలింది ఒక నల్ల పెట్టె. సబ్బుబిళ్ళంత.
పెన్‌డ్రైవు గుచ్చాడు.

గోడంతా పెద్దమ్మ.
అరచేతి గీతలు చేల గట్లంతయ్యాయి.
పోగు, పంటు కట్టే మోకంతయ్యింది.
గొంతు మాత్రం రాలేదు.

బొమ్మొస్తోంది గాని శబ్దం చదవట్లేదండి,
మాట కూడా కావాలంటే దీని పైది,
ఇంకో పద్దెనిమిది వందలు.

చేతులు చాలన్నాను.
ఆపితే ఆగుతుందా, అదే అడిగాను.
వణక్కుండా, మసకేసుకోకుండా
సూదిమొన దగ్గర ఆగుతుందా.
ఆపి చూపించాడు.
ఆగింది.

రెండు రాత్రులు
కొక్కెం దూరింది, లాగింది, దూరింది.
సరిగ్గా మెలి దగ్గర బొటనవేలు అడ్డం.
అక్కడ ఎన్ని గొలుసులు?
ఏడేస్తే పువ్వు గిన్నెలా ముడుచుకుంది.
ఎనిమిదేస్తే ముడుచుకోనూ లేదు, విప్పుకోనూ లేదు.

మూడో రాత్రి
చేతులొదిలేసి మొహం చూశాను.
పెద్దమ్మ లోలోపల లెక్కపెడుతోంది.
ఏడు అంటే పెదాలు కలవవు.
ఎనిమిది అంటే కలుస్తాయి.
ఆపాను. వెనక్కి జరిపాను. ఆపాను.
మూతి సున్నాలా చుట్టుకుని మొదలై
గట్టిగా మూసుకుని
అక్కడో క్షణం కూర్చుంది.

తొమ్మిది!
చీకట్లో పైకే అనేశాను.
పక్కింటి కుక్క మొరిగింది.

పువ్వు తిరిగింది,
నత్త తన గుల్లలోకి పోయినట్టు.

అయితే పదో నిమిషంలో
పెద్దమ్మ సూది ఆపి, గుమ్మం వైపు తిరిగి
పొడుగ్గా ఏదో అని నవ్వుతుంది.
ఆ రోజు గుమ్మం లోపల నేనే,
ఎసట్లో బియ్యం పోస్తూ.
విన్నానో, ఊ కొట్టి మరిచిపోయానో.
ఆపి ఆపి చూశాను.
లెక్కయితే పెదాల మీద దొరికింది గాని
మాట దొరకదు.
మణీ అన్నదనుకుంటాను మొదట.
ఆ తరవాతంతా నవ్వే.

పెట్టె మార్చిస్తావా ప్రభూ, అని ఫోను చేశాను.
తేడా డబ్బులు తెచ్చుకోండి చాలన్నాడు.

ఏజెంటు పువ్వుకి నలభై అయిదిస్తాడు.
నలభై పువ్వులు.
మొదటిది సూది మీదుంది.
తొమ్మిది దగ్గరికొచ్చేసరికి
నా మూతీ అలాగే మూసుకుంటోంది.